లీలారాణి ఒంటరి ఫోటో

ముందు చిటికెలు వినిపించాయి. వరసగా రెండు, కాస్త ఆగి ఒకటి. మా అమ్మకు ఫోటో తీయమని సత్యానందాన్ని అడగడానికి వెళ్లాను. అరసవల్లి శివారు పెంకుటింటి వాకిట్లో ఆయన ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదుటివాళ్ల చూపు నిలపడానికి చిటికె వేయడం ఆయన ఫోటో స్టూడియో నడిపిన రోజుల అలవాటు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. ఇప్పుడు ఆయనా ఫోనుతోనే బాప్టిస్టు సంఘంలోని ముసలివాళ్ల ముఖాలు తీస్తున్నాడు.

గుమ్మంలో ఆయన భార్య లీలారాణి. వారానికి రెండుసార్లు డయాలసిస్. ముఖం ఉబ్బి, ముసురు పట్టిన మధ్యాహ్నంలా ఉంది. ఆమె ఉండగానే ఒక్క మంచి ఫోటో, ఒంటరిగా, తీయాలని ఆయన కోరిక. ఒంటరి ఫోటో అంటే దండ వేసే ఫోటోనే అని ఇక్కడివాళ్ల భయం. అందుకే ఎవరినో ఒకరిని పక్కకు లాక్కుంటారు. మనిషి పోయాక ఆ పక్కవాళ్లను కత్తిరిస్తారు. భుజం మీద ఎవరివో నాలుగు వేళ్లు మిగిలిపోతాయి.

"ఎండలోకి రాకు. గుమ్మం నీడలోనే కూకుని ఇటు సూడు," అన్నాడు.

"పక్కన నువ్వు కూకుంటే సూస్తాను. నేకపోతే నేదు."

"నాను కూకుంటే ఎవులు తీస్తారే?"

"ఈ బాబున్నాడు గదా, ఊరికే నిలబడి."

ఆయన చొక్కా అంచుతో లెన్సు తుడిచి ఫోను నా చేతిలో పెట్టాడు. "మరీ దగ్గరకెల్తే ముక్కు పెద్దదైపోతాది బాబూ. రెండడుగులు ఎనక్కెల్లండి. ఫోను ఆవిడ కళ్ల ఎత్తులో ఉంచి, తెర మీద కంటిని ఏలితో తాకండి. తేటగా వస్తాది." తర్వాత గొంతు తగ్గించి, "మద్దిలో జాగా ఒగ్గుతాను. నన్ను తర్వాత కోసీయొచ్చు," అన్నాడు.

జానెడు ఎడంగా కూర్చున్నాడు. ఆమె ఆ జానెడూ చూసింది.

"నలభై ఏళ్లు ఫోటోలు తీసినోడి పెళ్లాన్ని. నాకు తెల్దనుకున్నావేటి," అంటూ మెల్లగా జరిగి, చెంప ఆయన భుజానికి ఆనించింది. నేను తెర మీద ఆమె కంటిని తాకాను.

ఆగస్టులో ఆమె పోయింది. జ్ఞాపకార్థ కూటానికి కార్డు వేయించాలి. కూతురు షాలిని కంప్యూటరు మీద ఎంత ప్రయత్నించినా, తండ్రిని కోస్తే తల్లి చెంప పోతోంది. చివరికి ఇద్దరున్న ఫోటోనే అచ్చువేశారు.

కూటం రోజు, దూరపు చుట్టం ఒకడు చర్చి మెట్ల దగ్గర కార్డు చూసి, "అయ్యో, ఇద్దరూ ఒకేసారి పోయారేటి?" అన్నాడు. లోపల బల్ల మీద కూర్చున్న సత్యానందానికి ఆ మాట వినిపించింది. ఆ చుట్టానికి విషయం చెబుదామని పక్కనే ఉన్న నేను లేవబోతే, చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"సెప్పకండి బాబూ. ఫోటోని ఆడు సరిగ్గానే సూసేడు."