నడిమి ఏకాదశి

నా చిన్నప్పుడు కార్తీకం వచ్చిందంటే మా ఇంటి వంట మారిపోయేది. డబ్బాలో పాత బియ్యం అడుగంటి, కొత్త వరి ఇంకా చేలల్లో పాలు పోసుకుంటూ ఉండే రోజులవి. రేపల్లెలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. మా నాయనమ్మ బీరకాయ తొక్కు పారేయకుండా పచ్చడి చేసేది. గుమ్మడికాయ గింజలు ఎండబెట్టి వేయించేది. అన్నం వార్చిన గంజిలో ఉప్పు వేసి పొద్దున్నే నా చేతికి ఇచ్చేది. దొడ్లో అవిసె చెట్టు ఉండగా కూరకేం లోటని అంటూ ఉండేది. ఏటా అంతే కాబట్టి అది నాకు లేమిలా తోచేది కాదు. ఆ నెలలు అలాగే ఉంటాయనుకునేవాడిని.

నాకు తొమ్మిదో ఏడు వచ్చిన సంవత్సరం మా నాన్న గుమస్తాగా పనిచేసే బియ్యం మిల్లు మూతపడింది. మా అమ్మ పురిటికి అమృతలూరులోని పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నాన్న, నాయనమ్మ, నేను మిగిలాం. ఆ రోజుల్లో తెనాలిలో ఒక సేవా సంఘం ఉండేది. పని పోయినవారికి అక్కడ ఉచితంగా టైపు నేర్పేవారు. దరఖాస్తులు రాసిపెట్టి, ఇంటర్వ్యూకు వెళ్ళేవారికి ఇస్త్రీ చొక్కా అరువిచ్చేవారు. నేర్చుకోవడానికి వచ్చినవారికి మధ్యాహ్నం భోజనం కూడా పెట్టేవారు. నాన్న రోజూ పొద్దుటి రైలుకు తెనాలి వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. వేళ్ళు లాగుతున్నాయని గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచుకుని కూర్చునేవారు. ఒకరోజు సంఘంవారు ఇచ్చిన నోటు పుస్తకం ఒకటి తెచ్చి నాకిచ్చారు. ఇప్పటికీ నా బీరువాలో ఉన్న డైరీల వరుసలో మొదటిది అదే.

దీపావళి వెళ్ళిన మర్నాడు నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కార్తీకంలో చిన్నపిల్లలు నోరు కట్టుకుని అడిగితే దేవుడు కాదనలేడని చెప్పింది. పగలంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం చుక్క చూసి అన్నం తింటే దాన్ని నక్తం అంటారని చెప్పింది. "మీ నాన్నకి ఉద్యోగం రావాలని నువ్వే మొక్కుకోవాలిరా. నేను ముసలిదాన్ని, నా మాట ఆయన ఎప్పుడో వినేశాడు," అంది.

అంత పెద్ద పని నాకు అప్పగించినందుకు నేను పొంగిపోయాను. మొదట సోమవారాలే అనుకున్నాం. తరువాత నాగుల చవితి వచ్చింది. మంగళవారం సుబ్బారాయుడిదని, గురువారం గురువుదని ఆమె ఒక్కొక్కటే కలుపుతూ పోయింది. ఏ రోజు ఏ వ్రతమో, అది ఎందుకో, నేను పుస్తకంలో రాసుకునేవాడిని. బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే బావి దగ్గరికి వెళ్ళి కడుపు నిండా నీళ్ళు తాగి, గోడ నీడన కూర్చుని దేవుడితో మాట్లాడేవాడిని. ఇవాళ కూడా ఉన్నానని, గుర్తుపెట్టుకోమని చెప్పేవాడిని. ఆయన వింటున్నాడని నాకు ఏ మాత్రం సందేహం లేదు. ముసురు పట్టి చుక్క కనిపించని సాయంత్రాల్లో మాత్రం నాయనమ్మే బయటికి వెళ్ళి చూసి వచ్చి, పక్కింటి అక్కకు కనిపించిందట అని చెప్పి కంచం పెట్టేది.

పౌర్ణమి దాటాక నాన్నకు బాపట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒక ఆఫీసులో గుమస్తా పని. సంఘంలో అరువిచ్చిన తెల్ల చొక్కా వేసుకుని, తెనాలిలో రైలు మారాలి కాబట్టి చీకటి విడకముందే బయలుదేరారు. గడప దాటేటప్పుడు నా తల నిమిరారు. నాకు అది మామూలుగా అనిపించలేదు. నేను ఆ చొక్కా కంటే ముఖ్యమైనదేదో ఆయనకు ఇచ్చి పంపుతున్నాననిపించింది. ఆ రోజు నడిమి ఏకాదశి అని, అన్నిటికంటే గట్టిదని నాయనమ్మ ముందు రోజే చెప్పింది.

వాన వల్ల ఆ రోజు బడి లేదు. పదకొండు గంటల వేళ మా ఇంటి ముందు రిక్షా ఆగింది. తెనాలి సంఘం పనులు చూసే అమ్మగారు దిగారు. గొడుగు మడిచి, అరుగు మీద కూర్చుని, నన్ను చూసి ఉలిక్కిపడ్డారు.

"ఏంటి బాబూ, ఇంత చిక్కిపోయావు? జ్వరం గానీ వచ్చిందా?"

"జ్వరమెందుకొస్తుందండి! నిష్ఠ. ఈ ఈడుకే కార్తీక నక్తాలు ఉంటున్నాడు," అంది నాయనమ్మ.

ఆమె అలా మెచ్చుకుంటుంటే నేను ఆగలేక లోపలికి పరుగెత్తి పుస్తకం తెచ్చాను. మొదటి పేజీ నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. సోమవారం, నాగుల చవితి, మంగళవారం, మొదటి ఏకాదశి, ద్వాదశి, గురువారం, పౌర్ణమి. ఇవాళ నడిమి ఏకాదశి అని ముగించాను.

అమ్మగారు నవ్వారు. "ఏకాదశి పక్షానికి ఒకటే కదా నాయనా! మా అత్తగారు పళ్ళూడేదాకా ఉపోషాలున్నారు, ఈ నడిమిది ఆవిడకి ఎవరూ చెప్పలేదు పాపం!"

నేను నాయనమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. అమ్మగారి నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది. ఆవిడ తలుపు సందులోంచి వంటగది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"పిన్నిగారూ, రిక్షాలో బియ్యం బస్తా ఉందండి. మా దగ్గరికి పని కోసం వచ్చేవాళ్ళ ఇళ్ళన్నిటికీ కొత్త పంట వచ్చేదాకా ఇస్తున్నాం. మీ ఒక్కరికే కాదండి."

నాయనమ్మ వెన్ను నిటారుగా అయింది. "మాకేం లోటండి? చుండూరులో మా మామగారి ధాన్యం గాదెల్లో పట్టేది కాదు. లేనివాళ్ళకి ఇచ్చుకోండమ్మా."

"పోనీ, పిల్లాడి కోసమన్నా..."

"పిల్లాడు వ్రతంలో ఉన్నాడని చెప్పాను కదండీ."

అమ్మగారు గొడుగు తీసుకుని లేచారు. రిక్షా వెనక్కి తిరిగింది. వానకు కప్పిన పట్టా కింద బస్తా అంచు కనిపిస్తూనే మలుపు దాకా వెళ్ళింది. నేను అరుగు మీదే నిలబడి ఉన్నాను. చుండూరు పొలం నేను పుట్టకముందే అమ్మేశారని నాకు తెలుసు. మిగతాది ఆ నిమిషంలో తెలిసింది. మా ఇంట్లో బియ్యం లేవు. లేవని ఎవరికీ తెలియకుండా ఉండటానికి నేను పనికొచ్చాను.

ఏడుపు రాలేదు. నేరుగా పక్కింటికి వెళ్ళి అన్నం పెట్టమని అడిగాను. పక్కింటి అక్క చేతిలో చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏంటి తమ్ముడూ, చుక్క పొడవకుండానే? మీ నాయనమ్మకి తెలిస్తే నాకు పట్టపగలే చుక్కలు చూపిస్తుంది," అంది. నా ముఖం చూసి చేట పక్కన పెట్టింది. అన్నం, పప్పు, గోంగూర వడ్డించింది. మూడుసార్లు మారు అడిగి తిన్నాను. అక్క తన కుండలో అడుగు గీకడం విన్నాను, అయినా ఆగలేదు.

చెయ్యి కడుక్కునేటప్పుడు భయం మొదలైంది. నాయనమ్మ అబద్ధం చెప్పింది సరే, దేవుడికి నేను ఇచ్చిన మాట అబద్ధం కాదు కదా. సరిగ్గా ఆ వేళకే బాపట్లలో నాన్న ఎవరి ముందో నిలబడి ఉంటారు. తిన్నది కక్కేస్తే చెల్లుతుందేమోనని దొడ్లోకి వెళ్ళి నోట్లో వేలు పెట్టుకున్నాను. రాలేదు.

దీపాలు పెట్టే వేళకు నాన్న వచ్చారు. చొక్కా తడవకుండా విప్పి, మడిచి, సంచిలో పెట్టుకుని బనీనుతో వచ్చారు. "కుదరలేదమ్మా. వాళ్ళ మనిషి ముందే ఉన్నాడట," అన్నారు.

నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. నా వల్లే పోయిందని, మధ్యాహ్నం అన్నం తినేశానని వెక్కుతూ చెప్పాను. నాన్నకు ఏమీ అర్థం కాలేదు. నాయనమ్మకే అర్థమైంది. గబగబా వచ్చి నన్ను లాక్కుని, "ఓరి పిచ్చినాయనా, నీ వల్ల కాదురా! దేవుడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ నడిమి ఏకాదశీ లేదు, ఆ మంగళవారమూ లేదు. పూట గడవక నేనే కల్పించాను. ఇదిగో, మీ నాన్న ముందు చెబుతున్నాను," అంది.

ఆమె మరి కాస్త ధైర్యం తెచ్చుకుని, బియ్యం తిప్పి పంపిన సంగతి కూడా చెప్పేసింది. నాన్న చేతిలోని సంచిని మేకుకు తగిలించారు. "వాళ్ళని బియ్యం పంపమని అడిగింది నేనేనమ్మా," అన్నారు. "అడగడానికి నాకు వారం పట్టింది."

వ్రతాలు తానే కల్పించానన్న మాట నాయనమ్మ నా మేలు కోసమే చెప్పింది. పసివాడి మెడకు ఆ పాపం చుట్టుకోకూడదని తన పరువు తన కొడుకు ముందే పోగొట్టుకుంది. అది పెద్దయ్యాక తెలిసింది. నేను తిన్న సాయంత్రాల్లో ఆమె తినలేదని కూడా పక్కింటి అక్క ఎప్పుడో చెప్పింది. అయినా ఆ రోజు నాకు ఊరట కలగలేదు. బావి దగ్గర గోడ నీడన నేను నెలంతా మాట్లాడిన వైపు ఎవరూ లేరని, నాకు ఆ మాటలు నేర్పిన మనిషికి అది మొదటి నుంచీ తెలుసునని మాత్రమే తెలిసింది. ఉన్నది ఇంతే, సర్దుకుందాంరా అని ఆమె అడిగి ఉంటే నేను ఆ నెలంతా సంతోషంగా పస్తుండేవాడిని. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేకపోయాను. ఆమె చనిపోయే ముందు కూడా అనలేదు.

మరుసటి వారం నాన్న తానే సంఘానికి వెళ్ళి ఆ బియ్యం రైల్లో తెచ్చారు. నాయనమ్మ వండింది. పట్టపగలు నాకు వడ్డించింది. వేసవి చివర్లో సంఘంవారి సాయంతోనే నాన్నకు తెనాలిలో టైపిస్టు పని దొరికింది. అప్పుడు మా ఇంట్లో ఎవరూ ఏ వ్రతమూ చేయడం లేదు.

పదవీ విరమణ చేశాక నేనూ తెనాలిలో అలాంటి ఒక సంఘానికి వారానికి మూడు రోజులు వెళుతున్నాను. పని వెతుక్కునే పిల్లలకు దరఖాస్తులు సరిచూసి పెడతాను, ఇంటర్వ్యూలో అడిగేవి అడిగి చూస్తాను. మొన్న కాకుమాను నుంచి వచ్చిన ఒక అమ్మాయి కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, "ఈసారి వస్తుందంటారా తాతగారూ?" అని అడిగింది. నా పక్క కుర్చీలోని మిత్రుడు, తప్పకుండా వస్తుందమ్మా అనేశాడు. నా వల్ల కాలేదు. కాగితాలన్నీ సరిగా ఉన్నాయని, ఆ ఉద్యోగానికి చాలామంది వస్తారని, రాకపోతే సోమవారం మళ్ళీ ఇక్కడికే రమ్మని చెప్పాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

ఆమె వెళ్ళాక మిత్రుడు విసుక్కున్నాడు. "ఒక్క మంచి మాట అంటే మీ సొమ్మేం పోతుందండీ?"

ఏం పోతుందో అతనికి చెప్పలేదు. సోమవారం నేను అరగంట ముందే వెళ్ళి కూర్చున్నాను.