లేని బోగీకి వంద రూపాయల కోత

మా అమ్మ ఆ బోగీని ముందు కలలో చూసింది. తర్వాత పట్టపగలు కూడా చూడటం మొదలుపెట్టింది. టాటానగర్‌లో ఎక్కి కూర్చుంటే చాలట, ఖరగ్‌పూర్‌లో దిగక్కర్లేదట. ఆ బోగీని విప్పి మద్రాసు వైపు పోయే బండికి తగిలిస్తారట. చిలికా సరస్సు పక్కగా పోయి తెల్లారేసరికి పలాసలో దింపేస్తుందట.

"కిటికీ పక్క సీటు నాది. ముందే సెప్పేత్తన్నా" అనేది బియ్యం ఏరుతూ.

టాటానగర్ పక్కనే ఉన్న మా పర్సుడీహ్ రైల్వే క్వార్టర్లలో మధ్యాహ్నాలు అసలే మగతగా ఉండేవి. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు వింటూ నేనూ ఆ బోగీలోనే ఊగుతూ నిద్రపోయేదాన్ని.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. నాకు పదిహేనేళ్లు. నన్ను చంకనేసుకుని పుట్టింటికి బయల్దేరిన అమ్మ ఒకసారి ఖరగ్‌పూర్‌లో బండి మారబోయి, తప్పు బండెక్కి హౌరాలో తేలిందట. చదువు లేదు, హిందీ అంతంత మాత్రం. అప్పట్నుంచి ఖరగ్‌పూర్ పేరెత్తితే చాలు, ఆవిడ చేతులు చల్లబడిపోయేవి. నాన్న లోకోషెడ్‌లో ఫిట్టరు. ఆయనకు సెలవు దొరికితేనే మాకు ప్రయాణం, ఆ సెలవు నాలుగేళ్లుగా దొరకలేదు. ఈలోగా అమ్మమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కళ్లు మసకలు కమ్ముతున్నాయట. "పూర్తిగా సూపు పోకముందు ఒకపాలి నీ మొకం సూపించి పోవే" అని ఎవరిచేతో రాయించింది. ఆ ఉత్తరాన్ని అమ్మ నాచేత ఎన్నిసార్లు చదివించుకుందో!

పక్క క్వార్టర్లో గార్డు మావయ్య ఉండేవాడు. చుట్టం కాదు, గార్డు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. రైల్వే బడ్జెట్ రాకముందే ఎంపీకి అర్జీ పెడదామన్నాడు. నాకు తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు, రాయడం రాదు. హిందీలో రాశాను. క్వార్టర్లన్నీ తిరిగి సంతకాలూ వేలిముద్రలూ పోగుచేశాం. ఎంపీ కాగితం తీసుకుని "ఆవాజ్ ఉఠాయేంగే" అన్నాడు, సభలో గొంతెత్తుతానని. ఇక చూస్కోండి, లేని బోగీలో సీట్లు పంచుకోవడం మొదలైంది. కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు పై బెర్తు కోసం మాటా మాటా అనుకున్నారు కూడా.

ఫిబ్రవరిలో రైల్వే మంత్రి బడ్జెట్ చదివారు. అందులో మా బోగీ ఊసే లేదు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

"సదివీగానే అయిపోలేదమ్మా" అన్నాడు గార్డు మావయ్య. "ముందు అంతా కలిపి సర్చ. ఆ తర్వాత ఒక్కో పద్దూ సభ ముందెట్టి, ఇంత కర్సెడతాం, ఒప్పుకుంటారా అని ఓటడగాల. అప్పుడు మనోడు లేస్తాడు."

మార్చిలో ఢిల్లీ నుంచి ఎంపీ పంపిన ఒక అచ్చుకాగితం వచ్చింది. నేను తెలుగు చేస్తూ గట్టిగా చదివాను: టాటానగర్ నుంచి వాల్తేరు వైపు నేరు బోగీ అవసరాన్ని చర్చించడానికి, ఈ పద్దులో వంద రూపాయలు తగ్గించాలి.

"ఓలమ్మో! బోగీ ఎయ్యరా బాబూ అంటే, ఉన్న డబ్బుల్లో వంద కొయ్యమంటాడేటి? ఈడి మొకం మండా!" అని అమ్మ చేతిలో చాట విసిరికొట్టింది. వాకిట్లో జనం అందరూ ఎంపీని తిట్టారు. నేనూ తిట్టాను, అదీ హిందీలో.

గార్డు మావయ్య పడీ పడీ నవ్వాడు. "దీన్ని కోత తీర్మానం అంటారు. కొత్త కర్సు ఎట్టండని అడిగే హక్కు ఎంపీకి నేదు, అది సర్కారుదే. తగ్గించండని మాత్రం అనొచ్చు. ఆ వందా వంక. ఆ వంకెట్టుకుని లేచి మన గోడు సెప్తాడు."

అమ్మ విసిరికొట్టిన చాట తీసుకుంది. "అంటే మా అత్తగారింట్లో నాను మాటాడినట్టే. కోక కొనండి అనకూడదు. ఉన్నది సిరిగిపోయిందని గొణుక్కోవాల" అంది. లోక్‌సభ గురించి ఇంత చక్కగా నాకు ఏ మాస్టారూ చెప్పలేదు.

ఆ పద్దులు ఓటుకొచ్చే రోజు సాయంత్రం మావయ్య రేడియో అరుగు మీదికొచ్చింది. అటు పక్క ఉక్కు కార్ఖానాలో మరిగే చిట్టెం, అదే స్లాగ్, పోశారేమో, ఆకాశం దోరగా ఎర్రబడింది. అందరి మొహాలూ ఆ వెలుగులో పెళ్లివారి మొహాల్లా ఉన్నాయి. అమ్మ తలంటుకుని, మంచి కోక కట్టుకుని వచ్చి కూర్చుంది. హిందీ వార్తలు చదివే గొంతు రైల్వే పద్దులన్నీ సభ ఆమోదించిందని చెప్పి ఇంకో వార్తలోకి వెళ్లిపోయింది.

"మనోడు మాటాడినాడా?" అంది అమ్మ.

మావయ్య తలదించుకున్నాడు. "టైమ్ సాలనేదనుకుంటాను. గడువు అయిపోతే మిగిలిన పద్దులన్నీ సర్చ నేకుండా ఒక్క దెబ్బకి ఓటుకి పెట్టీస్తారు. కోతలన్నీ కొట్టుకుపోతాయి. గిలెటిన్ అంటారు."

నాకు ఏడుపొచ్చింది. ఆ బోగీ కిటికీ ఊచలు కూడా నాకు తెలుసు మరి! అమ్మ మాత్రం ఏడవలేదు. "ఆళ్లకి టైమ్ అయిపోయిందంట. మా అమ్మ కళ్లకీ అయిపోతన్నాది. ఒలే, సంచీ సర్దు" అంది.

నాన్న వద్దన్నాడు. ఆవిడ వినలేదు. మూడో రోజుకల్లా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద ఉన్నాం. నా మణికట్టు కమిలిపోయేలా పట్టుకుని, వచ్చీ రాని హిందీలో కనపడ్డ ప్రతి మనిషినీ అడిగింది. నలుగురు ఒకే బండి చూపించినా నమ్మలేదు. అయిదోవాడు చెప్పాక ఎక్కింది. తెల్లవార్లూ కూర్చునే ఉంది. చిలికా సరస్సు వచ్చినా కిటికీలోంచి చూడలేదు.

పలాసలో అమ్మమ్మ, మా అమ్మ మొహాన్ని రెండు చేతులా పట్టుకుని, వెలుగుకేసి తిప్పి, ముక్కు ముక్కుకి తగిలేంత దగ్గరగా చూసుకుంది. "బొట్టు కనపడతన్నాదే" అని మురిసిపోయింది. అంతలో ఉలిక్కిపడి, "అల్లుడు రానేదా? ఒక్కర్తివీ ఈ గుంటనేసుకుని బండి మారినావా?" అంది.

"మారడమేటమ్మా! సూటి బోగీ ఏసినారు. ఢిల్లీలో మన ఊసు సదివి మరీ ఏసినారు" అంది అమ్మ. నేను నోరు తెరవబోతే తొడ మీద గిల్లింది.

అమ్మమ్మ మొహం వికసించింది. "అయితే ఇంక నెలనెలా వచ్చీవొచ్చు."

అమ్మ సంచీ ముడి విప్పసాగింది. "వత్తానమ్మా" అంది.

వెళ్లింది కూడా. అమ్మమ్మ పోయేదాకా నెల తప్పకుండా, ఖరగ్‌పూర్‌లో దిగి, చల్లబడ్డ చేతులతో బండి మారుతూ.