ఉల్టా బిగించిన బ్రేకులు

మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. బి.ఏ. ఫలితాలు పేపర్లో ఎట్లా చూడాలో చెప్పేవాళ్లూ లేరు. ఆ పొద్దున నేను థర్డ్ క్లాసు నంబర్లు మాత్రమే మూడుసార్లు వెతికాను. నాది లేదు. పైన ఉన్న వరసలు మనలాంటివాళ్లవి కావనుకున్నాను.

ఫలితం కోసమే తాండూరు దిక్కు ఊరి నుంచి వచ్చి, కోఠిలో నా గదిలో రెండు రోజులున్నాడు మా నాయన. మూట కట్టుకున్నాడు. "ఊళ్లె చెప్త, నాగలి పట్టెటందుకు వస్తున్నవని," అని మాత్రం అని నాంపల్లి స్టేషనుకు నడిచిపోయాడు.

గంట తర్వాత పక్కగదిలో ఉండే మిషన్ స్కూలు మాస్టారు అదే పేపరు తెచ్చి, సెకండ్ క్లాసు వరసలో ఒక నంబరు మీద వేలు పెట్టి, ఇది నీదేనా అని అడిగారు. నాదే. నాయన బండి కదిలిందంటే, సాయంత్రానికి ఊరంతా నేను ఫేలయిపోతాను.

మాస్టారు తన రేసు సైకిలు ఇచ్చారు. పొట్టేలు కొమ్ముల్లా హ్యాండిలు కిందికి వంగి ఉంటుంది. బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయి, అబిడ్స్‌లో మార్చుకోకుండా ముందుకు పోనని ఒట్టు పెట్టించుకున్నారు.

అబిడ్స్ సైకిలు దుకాణంలో ఉస్తాదు ఇంకెవరిదో చక్రం వంకర తీస్తున్నాడు. కొత్త రబ్బర్లు నా చేతికిచ్చి నన్నే బిగించుకోమన్నాడు. నేను బిగిస్తూనే పేపరు సంగతి, పాసు సంగతి, నాయన సంగతి ఆపకుండా చెబుతున్నాను. ఆయన తలెత్తకుండా ఒక్కటే అన్నాడు.

"నోరు బంద్. ముందటికి."

నోరు మూసుకొని ముందుకు నడవమన్నాడనుకున్నాను. మొహం చిన్నబోయింది. మాట్లాడకుండా పని ముగించాను. రబ్బరు టైరుకు తాకకుండా రిమ్ముకే ఆనేటట్టు, రెండు పక్కలా గోరు మందం సందు ఉండేటట్టు తీగ బిగించాను. ముచ్చటగా కుదిరింది. రబ్బరు దూర్చే ఇనుప డబ్బీకి ఒక కొస మూసి, ఇంకో కొస తెరిచి ఎందుకుందో మాత్రం ఆలోచించలేదు.

స్టేషను ముందు టాంగా అడ్డమొచ్చింది. రెండు బ్రేకులూ గట్టిగా నొక్కాను. నాలుగు రబ్బర్లూ తెరిచిన కొసల్లోంచి సీతాఫలం గింజల్లా జారి ఎగిరిపోయాయి. చెప్పు తెగేదాకా కాలు ఈడ్చి, టాంగా వెనక కట్టిన గడ్డిమోపులోకి తలతో దూరాను. గుర్రం వెనక్కి తిరిగి చూసింది. టాంగావాలా తిడుతుండగానే సైకిలు అతని చేతిలో పెట్టి ప్లాట్‌ఫారం మీదికి ఉరికాను.

బండి కూత వేసింది. థర్డ్ క్లాసు పెట్టె కిటికీలో నాయన తలపాగా కనబడింది. ఆయాసంలో నాకు రెండే మాటలు వచ్చాయి.

"నాయినా, సెకండ్ క్లాసు! సెకండ్ క్లాసు!"

నాయన మొహం పాలిపోయింది. మూట చంకలో పెట్టుకొని, కదలబోతున్న బండిలోంచి దిగేశాడు.

"నేను సూస్కోలె బిడ్డా. గా హమాలే గిండ్ల ఎక్కుమన్నడు. నాతాన టికెట్ మూడోదే ఉన్నది."

"పెట్టె గాదు నాయినా. నేను. నేను పాసైన."

బండి వెళ్లిపోయింది. నాయన మూట మీదే కూర్చున్నాడు. నా జుట్టులోంచి గడ్డిపోచ ఒకటి తీశాడు.

"మూడోది గూడ గాదా? దానికన్న మీదిదా?" అన్నాడు.

టాంగావాలా దగ్గర సైకిలు తీసుకొని, నడిపించుకుంటూ ఇద్దరం అబిడ్స్‌కు పోయాం. నేను నోరు తెరిచేలోపే నాయన ఉస్తాదుకు నా క్లాసు చెప్పేశాడు. ఉస్తాదు ఖాళీ డబ్బీలు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"నోరు బందున్న దిక్కు ముందటికి పెట్టుమన్న గద బేటా."

మూసిన కొస ముందుంటే, చక్రం ఎంత లాగినా రబ్బరు జారదట. ఈసారి నాయన సైకిలు పట్టుకుంటే నేను మళ్లీ బిగించాను. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఆయన నా సంగతి మొదటి నుంచి చెబుతూనే ఉన్నాడు. ఆ నోరు బంద్ చేయడం ఉస్తాదు వల్ల కూడా కాలేదు.