గూడు కట్టిన తోడేలు సాలీడు

నా తోటి లెక్చరర్ చెప్పిందే నిజమని ఆ సాయంత్రమే నాకు తెలిసింది. తెలిసీ ఆయనకు చెప్పలేదు.

ఏలూరులో మేమిద్దరం జువాలజీ చెప్పేవాళ్ళం. ఆయన నాకన్నా పెద్దవారు, మాస్టారూ అని పిలిచేవాణ్ణి. ఆదివారం తెల్లవారగానే బస్సెక్కి కొల్లేరు వైపు పోయి, వరిగట్ల మీద సాలీళ్ళు వెతికేవాళ్ళం. తిరిగొస్తూ ఒకే పొట్లంలో పునుగులు తినేవాళ్ళం.

ఒకసారి, మంచుకు తడిసి దుప్పటిలా పరుచుకున్న గూడు కనిపించింది. దాని మూల గరాటులాంటి బొరియలో ఒక సాలీడు. దాన్ని సీసాలో పట్టి కాలేజీకి తెచ్చాం. తోడేలు సాలీళ్ళు గూడు కట్టవు, పరిగెత్తి వేటాడతాయి అని ఏటా పాఠం చెప్పేవాణ్ణి. అందుకే గూడు చూడగానే, దాన్ని గరాటు గూళ్ళు కట్టే వేరే కుటుంబంలో చేర్చేశాను. మర్నాడు ప్రాక్టికల్ క్లాసులో పిల్లలకు అదే చెబుతుంటే, పక్కనే ఉన్న ఆయన అడ్డు తగిలారు.

“ఇది తోడేలు సాలీడేనండి. హిప్పాసా అనే ప్రజాతి. ఆ కుటుంబంలో గూడు కట్టేవీ ఉన్నాయి. కళ్ళ అమరిక చూశారా?”

“ఇల్లు కట్టుకుని గుమ్మంలో కూర్చునే తోడేళ్ళు మీ ఊళ్ళో ఉంటాయేంటండీ, మాస్టారూ?”

క్లాసంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వబోయి, మానేశారు.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ సాలీణ్ణి మైక్రోస్కోపు కింద పెట్టాను. ముందు వరసలో నాలుగు చిన్న కళ్ళు, పైన రెండు పెద్దవి, వాటి వెనక మరో రెండు. తోడేలు సాలీడు కళ్ళే. దీపం ఆర్పేసి ఇంటికి పోయాను.

“చూశారాండీ?” అని మర్నాడు ఆయనే అడిగారు.

“ఇంకా లేదండి,” అన్నాను.

మళ్ళీ అడగలేదు. ఆదివారాలు ఏదో పనుందనేవారు. తర్వాత తాడేపల్లిగూడెం కాలేజీకి మారిపోయారు. నేనొక్కణ్ణే తిరిగేవాణ్ణి. గట్టు మీద ఏదైనా కదిలితే, “మాస్టారూ, ఇటు రండి” అని నోటిదాకా వచ్చేది.

ఆ చేలిప్పుడు చాలావరకు చేపల చెరువులు. మొన్న చలికాలం, మిగిలిన ఒక గట్టు మీద అలాంటి గూడే కనిపించింది. బొరియ అంచున తల్లి, గుడ్ల సంచిని పొట్ట చివర అంటించుకుని. తోడేలు సాలీళ్ళు మోసినట్టే. చూపిద్దామంటే పక్కన ఎవరూ లేరు. అటునుంచి అటే తాడేపల్లిగూడెంలో ఆయన ఇంటికి వెళ్ళాను.

ఆయనే తలుపు తీశారు. “మీరా! రండి రండి, కాఫీ తాగుదురుగాని.”

నేను లోపలికి అడుగు పెట్టలేదు.

“ఆ సాయంత్రమే చూశానండి, మాస్టారూ. అది హిప్పాసాయే. మీరు అడిగితే చూడలేదని అబద్ధమాడాను. పిల్లల ముందు మిమ్మల్ని నవ్వులపాలు చేశాను. నన్ను క్షమించండి.”