గ్లాసు పట్టుకుని యుద్ధం నడిపినవాడు

నేను పెరిగిన ఇంట్లో మందు వాసన కూడా ఎరగం. మాది గుంటూరు జిల్లాలో బాప్టిస్టు కుటుంబం. తాగుడు గురించి నాకు తెలిసిందల్లా ఆదివారం ప్రసంగాల్లో విన్నదే. తాగినవాడు కాలవలో పడతాడు, పెళ్ళాన్ని కొడతాడు, పొలం అమ్ముకుంటాడు. రాజులకైతే తాగుడు అసలే తగదని, తాగితే న్యాయం మరిచిపోతారని మా పాస్టరు గారు గట్టిగా చెప్పేవారు. అలాంటిదాన్ని, నలభై దాటాక, అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న నోవైలో, మనుషులకు మందు పోసి చూసే ఉద్యోగంలో చేరాను.

కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. డ్రైవరు తాగి ఉంటే కారే కనిపెట్టాలని మేము ఒక కెమెరా తయారుచేస్తున్నాం. అది స్టీరింగు వెనక ఉండి డ్రైవరు కళ్ళను చూస్తుంటుంది. ఆ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో పట్టుకునే ప్రోగ్రాం నాది. అది పనిచేస్తోందో లేదో తెలియాలంటే తాగిన మనుషులు కావాలి. అందుకని వాలంటీర్లను పిలుస్తాం. నర్సు వాళ్ళ ఆరోగ్యం చూసి, ఆరెంజ్ జ్యూసులో కొలత ప్రకారం వోడ్కా కలిపి ఇస్తుంది. తర్వాత వాళ్ళను ల్యాబులో కదలని కారులో కూర్చోబెడతాం. చుట్టూ పెద్ద తెర, తెర మీద రోడ్డు. మత్తు దిగేదాకా అక్కడే ఉంచి, భోజనం పెట్టి, ట్యాక్సీలో ఇంటికి పంపుతాం.

ఈ సంగతి మా తెలుగు చర్చిలో తెలిసినప్పుడు ఒక పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, మందు నేనే పోస్తానా అని అడిగారు. నర్సు పోస్తుంది, నేను చూస్తాను అన్నాను. చూడటం ఇంకా పెద్ద తప్పన్నట్టుగా ఆవిడ నిట్టూర్చారు.

ఆ వాలంటీర్లలో ఒకాయన నాకు బాగా గుర్తుండిపోయాడు. డెబ్భై దాటిన తెల్లాయన, ఇక్కడి హైస్కూల్లో చాలాకాలం చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. మనిషి పొడుగు, కొంచెం వంగి నడుస్తాడు. ఆయన దగ్గర నాకు నచ్చింది ప్రశ్నలు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే మీ కెమెరా ఏం చేస్తుంది? ఏడుస్తున్నవాడికీ తాగినవాడికీ తేడా దానికి తెలుస్తుందా? మీ తెలుగు లిపి అంత గుండ్రంగా ఎందుకుంటుంది? అడిగి ఊరుకోడు, జవాబు చెప్పేదాకా ముఖంలోకి చూస్తూ కూర్చుంటాడు.

పరీక్షకి వారం ముందు నర్సు ఆరోగ్యం చూసిన రోజు, వోడ్కా అనేసరికి ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. విస్కీలో సోడా కలిపి ఇవ్వకూడదా అని నర్సుని అడిగాడు. కుదరదంది. అప్పుడు నా వైపు తిరిగి ఒక కథ మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌ని నడిపిన ప్రధాని పొద్దున లేచింది మొదలు పక్కన విస్కీ సోడా గ్లాసు పెట్టుకునేవాడట. నీళ్ళ రంగు కొంచెం మారేంత పల్చగా కలుపుకుని రోజంతా చప్పరించేవాడట. భోజనానికి షాంపేను, ఆ తర్వాత బ్రాందీ. మధ్యాహ్నం ఒక నిద్ర తీసి, మళ్ళీ కూర్చుని పొద్దుపోయేదాకా సమావేశాలు. అలా తాగుతూనే యుద్ధం గెలిచాడు. అలవాటు పడిన మనిషిని మందు ఏమీ చెయ్యదని ఆయన వాదన. మీ కెమెరాకి కూడా నేను దొరకను, చూస్తూ ఉండండి అని నవ్వాడు.

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆ ప్రధాని పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మాకు స్వాతంత్ర్యం ఇవ్వనన్న మొండివాడిగా తెలుసు. తాగుతాడని తెలియదు. కాలవలో పడాల్సినవాడు ఒక దేశాన్ని ఎలా ఒడ్డున పడేశాడు? మా ఊరి పాస్టరు గారి లెక్కలో ఇతన్ని ఎక్కడ పెట్టాలి?

ల్యాబులో నాతో పనిచేసే కుర్రాడు కరీంనగర్ వాడు. నన్ను అక్కా అంటాడు. లంచ్‌లో అతనితో ఈ మాట చెబితే ఇంకో చిక్కు తెచ్చి పెట్టాడు.

“అక్కా, మరి అవతల జర్మనీ ఆయన? చుక్క ముట్టలేదంట, మాంసం గుడ తినకపోతుండె అంట. మరి గట్ల చూస్తే మంచోడు ఎవరు?”

ఆ వారమంతా కారు డ్రైవ్ చేస్తున్నా, వంట చేస్తున్నా అదే ఆలోచన. లైబ్రరీకి వెళ్ళి ఆ ప్రధాని జీవితం మీద లావుపాటి పుస్తకాలు తెచ్చుకున్నాను. మందు ప్రస్తావన వచ్చిన పేజీలు వెతికాను. ఒకరు తాగుబోతు అంటారు, ఒకరు అదంతా నటన, గ్లాసులో ఉన్నవి నీళ్ళే అంటారు. ఎంత తాగాడన్న దగ్గరే అందరి తగువు. తాగినప్పుడు ఏం మారేదో సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

టీచరు గారి పరీక్ష రోజు బయట మంచు కురుస్తోంది. ఉదయమే వచ్చాడు. ముందు మందు లేకుండా ఒకసారి నడపాలి. నేను పక్క గదిలో కూర్చుని స్పీకర్లో దారి చెబుతాను. ముందు వంతెన మూసేశారు, దానికంటే ముందే హైవే దిగే ఎగ్జిట్ తీసుకోండి అన్నాను. ఏ వంతెన, నది మీదిదా, రైలు పట్టాల మీదిదా అని అడిగాడు. చెప్పాను. ఎగ్జిట్ కుడివైపేనా అని మళ్ళీ అడిగాడు. సరిగ్గా దిగి వెళ్ళాడు.

తర్వాత నర్సు గ్లాసు ఇచ్చింది. ఆయన తాగి, కాసేపు ఆగి, మళ్ళీ కారులో కూర్చున్నాడు. నిజం చెప్పాలి, బ్రహ్మాండంగా నడిపాడు. తెల్ల గీతల మధ్య కారు నూలు పట్టినట్టు వెళ్ళింది. కళ్ళు కూడా బాగానే తిరుగుతున్నాయి. నా ప్రోగ్రాం అనుమానపడుతోంది కానీ తాగాడని తేల్చి చెప్పడం లేదు. కరీంనగర్ కుర్రాడు నా వైపు చూసి, ముసలాయన గెలిచేట్టున్నాడని సైగ చేశాడు.

ఆయన నడుపుతూ నాకు ఆ ప్రధాని గురించి చెబుతూనే ఉన్నాడు. స్నానపు తొట్టిలో కూర్చుని ఉత్తరాలు చెప్పి రాయించడం, మంచంలోంచే పొద్దుటి పని మొదలుపెట్టడం. నేను మధ్యలో ఆపి, ముందు వంతెన మూసేశారు, ఎగ్జిట్ తీసుకోండి అన్నాను. సరే సరే అన్నాడు. కథ ఆపలేదు. ఇంకోసారి చెప్పాను. అలాగే అన్నాడు. ఎగ్జిట్ దాటిపోయింది. కారు నిదానంగా, ఒక్క గీతా తొక్కకుండా, అందంగా వెళ్ళి మూసిన వంతెన అడ్డుకర్రకి గుద్దుకుంది. తెర నల్లబడింది.

తర్వాత ఒక కాగితం ఇచ్చి, మీరెలా నడిపారో మీరే చెప్పండి అని అడుగుతాం. మొదటిసారి కంటే ఈసారే బాగా నడిపానని రాశాడు. వంతెన సంగతి అడిగితే, ఎవరూ చెప్పలేదుగా అన్నాడు. కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

మధ్యాహ్నం మత్తు దిగాక, ఆయనే అడిగితే రికార్డింగ్ వినిపించాం. నా గొంతు రెండుసార్లు, ఆయన సరే సరే, అలాగే.

“ఇంకోసారి పెట్టండి,” అన్నాడు.

మళ్ళీ పెట్టాం. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు. మొదటి డ్రైవ్ కూడా వినిపించమన్నాడు. అందులో తన ప్రశ్నలు విన్నాడు. రెండోదాంట్లో ఒక్క ప్రశ్న కూడా లేదని ఆయనే అన్నాడు. చెయ్యి వణకలేదు, కళ్ళు తప్పలేదు, చెవి ఒక్కటే మూసుకుపోయింది.

తెప్పించిన సూపు చల్లారిపోతుంటే ఆయన తన తండ్రి సంగతి చెప్పాడు. తండ్రి ఇక్కడే ఒక కార్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. రోజూ తాగేవాడు కానీ ఒక్కరోజు పని మానలేదు, తూలలేదు. ఎవరైనా ఏమైనా అంటే, తాగుతూ ప్రపంచ యుద్ధమే గెలిచారు, నేనొక షిఫ్టు నడపలేనా అనేవాడు. ఆ ప్రధాని కథ ఈయనకి అలా వచ్చింది. తర్వాత తనూ క్లాసులో అదే చెప్పి పిల్లల్ని నవ్వించేవాడు. అయితే చిన్నప్పుడు చూసిన ఒక సంగతి ఇప్పుడు కొత్తగా అర్థమవుతోందన్నాడు. సాయంత్రాలు ఫ్యాక్టరీ పనివాళ్ళు వాళ్ళ ఇంటికి వచ్చి, వెనక తలుపు దగ్గర నిలబడి, ఇప్పుడు మాట్లాడొచ్చా అని వాళ్ళమ్మని అడిగేవారు. మిషను పాడైందనో, ఎవరికో దెబ్బ తగిలిందనో చెప్పడానికి వచ్చేవాళ్ళు. ఆవిడ లోపలికి తొంగి చూసి, రేపు పొద్దున చెప్పండి అనేది. వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

“మా నాన్నకి మందు వల్ల ఏమీ కాలేదు,” అన్నాడు. “కష్టపడిందంతా చుట్టూ ఉన్నవాళ్ళు.”

నేను చదివిన పుస్తకాల్లో ఒక మాట నాకు అప్పుడు తట్టింది. ఆ ప్రధాని దగ్గర ఒక సేనాధిపతి ఉండేవాడు. పొద్దుపోయాక జరిగే ఆ సమావేశాల్లో ప్రధాని ఏదో ఒక విచిత్రమైన దండయాత్ర ప్లాను తెచ్చేవాడు. ఆ సేనాధిపతి కుదరదు అని మొహం మీదే చెప్పేవాడు. బల్ల గుద్దినా తగ్గేవాడు కాదు. నిద్ర లేక, కోపంతో ఉడికిపోయి, మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ కుదరదనేవాడు. ప్రధాని అతన్ని తిట్టుకున్నాడు కానీ తీసెయ్యలేదు. జర్మనీ ఆయన దగ్గర అలా చెప్పినవాళ్ళు ఎక్కువకాలం నిలవలేదు. తాగనివాడి చెవి కూడా మూసుకుపోతుంది మరి. నేనిది చెబుతుంటే టీచరు గారు తల పంకించాడు, కరీంనగర్ కుర్రాడు తన చిక్కు విడిపోయినట్టు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆ ఊపులో అతను ఆ యుద్ధకాలంలోనే వచ్చిన బెంగాల్ కరువు సంగతి ఎత్తాడు. జనం ఆకలితో చస్తుంటే ఆ ప్రధాని పట్టించుకోలేదని మేము స్కూల్లో చదువుకున్నాం, అది కూడా మందు వల్లేనా అని అడిగాడు.

టీచరు గారికి ఆ కరువు గురించి పెద్దగా తెలియదు. ఇన్నేళ్ళు ఆ యుద్ధం పాఠం చెప్పాడు, అందులో అది లేదట. ఎక్కడ, ఎందుకు, ధాన్యం ఏ దేశం నుంచి రావాల్సింది, ఎవరు అడిగారు, ఎవరు కాదన్నారు అని ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. మాకు తెలిసినంత చెప్పాం. మందు మీద నెట్టెయ్యడం నాకు ఇష్టం లేదని చెప్పాను. మమ్మల్ని లెక్కలోకి తీసుకోకపోవడానికి ఆ ప్రధానికి గ్లాసు అవసరం ఉండి ఉండదు. ట్యాక్సీ వచ్చిందన్నా టీచరు గారు వెంటనే లేవలేదు.

ఆ తర్వాత మా పనిలో ఒక చిన్న మార్పు వచ్చింది. కళ్ళతో పాటు, చెప్పిన మాటకి డ్రైవరు ఎలా స్పందిస్తున్నాడో కూడా చూడాలని నేను మీటింగులో ప్రపోజ్ చేశాను. మా మేనేజరు మొదట నవ్వినా, కొన్నాళ్ళు ట్రై చెయ్యమన్నాడు. కొందరి విషయంలో కళ్ళకంటే అదే ముందు పట్టిస్తోంది. అందరి విషయంలో కాదు. ఇంకా చూస్తున్నాం.

టీచరు గారు మరోసారి పరీక్షకి వచ్చాడు. తాగడం మానలేదని తనే చెప్పాడు. దూరాన ఉన్న కూతురికి మాత్రం సాయంత్రం కాకుండా పొద్దున్నే ఫోన్ చేస్తున్నాడట. మొదటి వారం ఆ అమ్మాయి భయపడి, ఒంట్లో బాగానే ఉందా డాడీ అని అడిగిందట. ఆ మాట చెప్పి నవ్వబోయి ఆగిపోయాడు. నాన్నతో రాత్రి భోజనం తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేరని ఆ పిల్ల ఎప్పుడో అనుకుని ఊరుకుందట. తన ఇంటి అమ్మకం గురించీ, విడాకుల గురించీ ఇప్పుడు ఒక్కొక్కటే చెబుతోందట.

ఇక్కడి మా తెలుగు చర్చి పాస్టరు గారు, మద్యపానం వల్ల నష్టాలు అని టీనేజ్ పిల్లలకి ఒక ఇంజనీరుగా నన్ను చెప్పమన్నారు. వంతెన కథ చెప్పాను, ప్రధాని కథ, ఆయనకి కుదరదని చెప్పిన సేనాధిపతి కథ కూడా దాచకుండా చెప్పాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

“ఆంటీ, బట్ ఆయన యుద్ధం గెలిచాడు కదా?”

“గెలిచాడమ్మా,” అన్నాను.

“సో, నాకు నో చెప్పే ఫ్రెండ్స్ ఉంటే తాగినా ఓకేనా?”

పిల్లలంతా నవ్వారు. పాస్టరు గారు నవ్వలేదు. నేను ఆలోచించి, నాకు పూర్తిగా తెలియదు, నేనెప్పుడూ తాగలేదు, కానీ అలాంటి ఫ్రెండ్స్ తాగనివాళ్ళకి కూడా కావాలి అన్నాను. పాస్టరు గారు లేచి ప్రార్థన మొదలుపెట్టారు. ఆ క్లాసుకి నన్ను మళ్ళీ పిలవలేదు. ఆ అమ్మాయి మాత్రం తర్వాత ఆదివారం నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆ సేనాధిపతి మీద పుస్తకం ఏదైనా ఉందా ఆంటీ అని అడిగింది.