అక్క చేతి దాల్చినచెక్క బిస్కెట్లు

మొన్న కూర్మన్నపాలెంలో మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్‌కి పాల పాకెట్ కోసం వెళ్ళాను. ఫ్రిజ్ తలుపు తీస్తే పెరుగు డబ్బాల వెనక బిస్కెట్ పిండి పాకెట్లు కనబడ్డాయి. కలిపి, చుట్టగా చుట్టి ఉంటుంది పిండి. మనం ముక్కలు కోసి కాల్చుకోవడమే. నా పక్కనున్న ఒకావిడ అది తీసి చూసి, "పిండి కూడా కలుపుకోలేనోళ్ళకి బిస్కెట్లెందుకో" అని మూతి తిప్పుకుంటూ మళ్ళీ పెట్టేసింది. ఆవిడతో అక్కడే వాదన పెట్టుకోవాలనిపించింది. ఈ వయసులో నాకు వాదించే ఓపిక తగ్గింది గానీ చెప్పుకునే సరదా తగ్గలేదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

మా అక్క వాళ్ళుండేది విశాఖ వన్‌టౌన్లో, చర్చికి కూతవేటు దూరంలో. బావ పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. నేను స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. అక్క ఉద్యోగం చెయ్యలేదు గానీ మా ఇద్దరి మీదా, చర్చి స్త్రీల సమాజం మీదా పెత్తనం ఆవిడదే. ఆ సమాజం వాళ్ళు నెలకోసారి ఎవరో ఒకరింట్లో ప్రార్థన పెట్టుకుంటారు. ప్రార్థన అయ్యాక టీ, దాంతో తినడానికి ఏదో ఒకటి. అక్క కార్యదర్శి అయిన కొత్తల్లో ఒక రూలు పెట్టింది. ఎవరింట్లో ప్రార్థన అయితే వాళ్ళు తమ చేత్తో చేసిందే పెట్టాలి, బయట కొన్నది పెట్టకూడదు. ఒకసారి ఎవరో షాపులో కొన్న మైసూర్ పాక్ పెడితే అక్క దాన్ని ముట్టుకోకుండా ఉత్త టీ తాగి లేచొచ్చేసింది. ఆ సంగతి వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు.

అలాంటి అక్కకి పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, పెత్తనమైతే అసలు పోనేలేదు. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. జంతికల గొట్టం తిప్పడం, పిండి కలపడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. వంటింటి భారం బావ మీద పడింది. తన వంతు వచ్చిన నెలలో ఒంట్లో బాగోలేదని కబురు పంపింది అక్క. మళ్ళీ వంతు వస్తే మళ్ళీ అదే కబురు. తర్వాత మిగతా వాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం కూడా మానేసింది. పెట్టలేనిదాన్ని తినడానికెలా పోతాను అనేది. ఆ ఆడవాళ్ళంతా బైబిళ్ళు పట్టుకుని కబుర్లాడుకుంటూ వీధిలోంచి పోతుంటే కిటికీలోంచి చూసి, లోపలికి వెళ్ళి పడుకునేది. నాకు చాలా బాధగా ఉండేది. ఏదో ఒకటి కొని పెట్టెయ్యి, ఎవరేమంటారు అంటే వినేది కాదు.

"రూలెట్టింది నానే కదరా. నాకో రూలు, ఆళ్ళకో రూలూనా?"

ఇలా ఉండగా మరోసారి అక్క వంతు దగ్గర పడింది. సరిగ్గా అప్పుడే నాకు ఈ పిండి పాకెట్లు మొదటిసారి కంటబడ్డాయి. రెండు కొని, సంచిలో వేసుకుని అక్క ఇంటికి బస్సెక్కాను. మా విశాఖ ఉక్కకీ, గాజువాక ట్రాఫిక్కుకీ పిండి నా ఒళ్ళోనే జావైపోయింది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడనిచ్చాం. అక్క మధ్యాహ్నం పడుకుంది కదా, లేచేలోపు ఒక వాయి చేసి చూపిద్దామని బావ సరదాపడ్డాడు. పాకెట్ మీద బొమ్మలో బిస్కెట్లకి దాల్చినచెక్క పొడి, పంచదార అద్ది ఉన్నాయి. మా ఇళ్ళల్లో దాల్చినచెక్కకి పలావులో పడడం తప్ప వేరే గతి లేదు. దాన్ని తీపిలో వెయ్యడమేమిటని బావకి చివరిదాకా అనుమానమే. ఆ అనుమానంతోనే దాన్ని మిక్సీలో వేసి పొడి కొట్టాడు. అది పొద్దున్న చేపల కూరకి వెల్లుల్లి మసాలా నూరిన మిక్సీ జారు. బియ్యం కడిగినట్టు ఓసారి నీళ్ళతో తొలిపి పెట్టాడట. నేను ఓవెన్ సంగతి చూసుకున్నాను. జన్మంతా బట్టీల దగ్గర మాడినవాణ్ణి, ఈ చిన్న డబ్బా నాకో లెక్కా అనుకుని వేడి బాగా పెంచాను. కాసేపటికి ఇల్లంతా వాసన పట్టింది.

అక్క లేచి వంటింటి గుమ్మంలోకొచ్చింది. "ఏటి సేత్తన్నారు మీరిద్దరూ? పలావేటి, ఇప్పుడు?"

"పలావు కాదు. బిస్కెట్లు," అన్నాడు బావ ట్రే చూపించి. అంచులు నల్లగా, మధ్యలో పచ్చిగా ఉన్నాయవి. అక్క ఒక ముక్క కొరికి, "ఇందులోకి సేపలొక్కటే తక్కువ," అని గోడ పట్టుకుని నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. అక్క అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు. అంతలో గట్టు మీది పాకెట్ చూసి మొహం ముడుచుకుంది. "కొన్న పిండా? అయితే వద్దు. తీసెయ్యండి."

అప్పుడు నాకు బేకరీ భాయ్ గుర్తొచ్చాడు. మా చిన్నతనంలో క్రిస్మస్ ముందు మైదా, పంచదార, డాల్డా సంచుల్లో వేసుకుని వన్‌టౌన్లో భాయ్ బేకరీకి పట్టుకెళ్ళేవాళ్ళం. ఆయనే పిండి కలిపి, అచ్చులు కోసి, కాల్చి ఇచ్చేవాడు. మా వంతు వచ్చేదాకా గోడవారన కూర్చునేవాళ్ళం. బిస్కెట్లు కాలే వాసనకి ఆకలి దంచేసేది. అక్క కూర్చునేది కాదు, భాయ్ పక్కన నిలబడి పంచదార ఇంకొంచెం, వేడి ఇంకొంచెం అని హుకుములు వేసేది. ఆయన నవ్వుతూ సరే బేటీ, సరే బేటీ అనేవాడు. బిస్కెట్లు డబ్బాలకెత్తించి తెచ్చి, ఇవి మేం చేసినవని వీధంతా పంచేది.

"అక్కా, అప్పుడు పిండి మనది, సెయ్యి భాయ్‌ది. మనం సేసినవే అని పంచీదానివి. ఇప్పుడు పిండి ఇంకోడిది, సెయ్యి నీది. అవి నీయైతే ఇవెందుకు కావు?"

అక్క కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. చాలాసేపు పాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ముందు ఆ జారు సబ్బెట్టి తోమండి," అంది చివరికి.

ప్రార్థన రోజు మధ్యాహ్నం, రెండో పాకెట్ పిండిని కుడి అరచేత్తో నొక్కిపట్టి, ఎడంచేత్తో కోసింది. ముక్కలు ఒకటి మందం, ఒకటి పల్చన. బావ కత్తి అందుకోబోతే మోచేత్తో ఒక్కటిచ్చింది. ప్రతి ముక్కనీ పంచదారలో, దాల్చినచెక్క పొడిలో ముంచి తనే ట్రేలో పేర్చింది. ఓవెన్ దరిదాపులకి నన్ను రానివ్వలేదు. బిస్కెట్లు ఎర్రగా కాలి, తీపివాసనతో కరకరలాడుతూ వచ్చాయి.

ఆడవాళ్ళంతా వచ్చారు. ప్రార్థన అయింది, టీలు వచ్చాయి. ప్లేటు ఎవరి చేతికీ వెళ్ళకముందే అక్క లేచి నిలబడింది. బావా నేనూ వంటింట్లోంచి తొంగి చూస్తున్నాం.

"పిండి కొన్నదేనమ్మా. కోసింది, అద్దింది, కాల్చింది నాను. తినేవాళ్ళు తినండి, ఉత్త టీ తాగేవాళ్ళు తాగండి."

అక్క తర్వాత కార్యదర్శి అయినావిడ ఒక బిస్కెట్ తీసుకుని టీలో ముంచింది. "అయితే అక్కా, నాను కూడా సెప్పేత్తాను. నాను పెట్టే కజ్జికాయలు ఎప్పుడూ కొన్నయే."

"నాకు తెల్దేటి? నీ కజ్జికాయ అంచు అంత సక్కగా ఎప్పుడొచ్చింది?"

ఇల్లంతా గొల్లున నవ్వింది. ప్లేటు మా దాకా రాకుండానే ఖాళీ అయింది, బావకి దక్కింది పొడే. చెప్పులు వేసుకుంటున్న కార్యదర్శిని అక్క గుమ్మంలో ఆపింది.

"వచ్చే నెల మీ ఇంటికొత్తన్నాను. ఏటి పెడతావో ఇప్పుడే సెప్పు."

అప్పటిదాకా అక్క ఇంట్లో మాటలన్నీ పొద్దున్న వేసుకున్న మాత్ర దగ్గరో, రాత్రి వేసుకోవాల్సిన మాత్ర దగ్గరో ఆగిపోయేవి. రోజు గడిస్తే చాలనుకున్న మనిషి వచ్చే నెల కోసం గుమ్మంలో నిలబడి దెబ్బలాడుతుంటే, ఆ ఇంట్లో కాలం మళ్ళీ ముందుకి నడవడం నేను కళ్ళారా చూశాను.