నా హీరోకి పెళ్లి చేసిన రూమ్మేట్

పాల్వంచ ప్లాంటులో డ్యూటీ దిగి గదికి వచ్చేసరికి రూమ్మేట్ సురేశ్ నా కంప్యూటర్లో నా గేమ్ ఆడుతున్నాడు. అందులో నా హీరో, అతని వెంట తిరిగే విలుకాడు ప్రేమించుకున్నారు. నేనే ఏరికోరి నడిపించిన కథ అది. సురేశ్ విలుకాణ్ణి చంపించి, హీరోకి జమీందారు కూతురితో పెళ్లి చేసేశాడు.

"ఏందిరా ఇది?"

"మొగోడు మొగోణ్ణి లవ్ చేసుడేంది, ఛీ! తప్పు బటన్ ఒత్తినవనుకున్న. మంచి సంబంధం చూసి సెట్ చేసిన. పార్టీ ఎప్పుడిస్తవ్?"

వాడు పట్టుకున్న మౌస్ ముట్టుకోవాలంటేనే అసహ్యమేసింది. అంతకుముందు ఆటను దాచుకున్న పాత సేవ్ ఉంది కాబట్టి వెనక్కి వెళ్లి విలుకాణ్ణి బతికించుకున్నాను. మీ ఆటల్లోనూ ఇలాంటి పెళ్లిపెద్దలు దూరారా, చెప్పండి.

ఆదివారం చర్చి అయ్యాక అమ్మ నాకూ ఓ పిల్లను చూపిస్తానంటోంది. అక్కడ పాత సేవ్ ఉండదు.